పాత మడత

పదకొండు ఖాళీలకి నూట నలభై మందిమి వచ్చాం ఆ రోజు.
బందరు రోడ్డులో, సగమే లేచిన షట్టరు ముందు,
ఎండకి ఫైళ్ళు అడ్డం పెట్టుకుని.
నా ముందు ఎమ్మెస్సీ చదివిన పిల్ల.
నా వెనక సలోమి, ఇది నాలుగో కొట్టట.
నా ఫైల్లో పది తప్పిన మెమో ఒక్కటే.

లోపల శేషగిరి గారు ఏమీ అడగలేదు.
ఒక చీర గుప్పున విప్పి బల్ల మీద పోసి
"మడత పెట్టమ్మా" అన్నారు, సెల్లులో టైము చూస్తూ.
ఎమ్మెస్సీ పిల్ల ఇరవై లెక్కపెట్టేలోపు మడిచేసిందట.
నేను ఆలస్యం చేశాను.
ముందు పాత మడత ఎక్కడుందో వేలితో వెతికాను.
దొరికాక ఇంక నాదేం లేదు,
అడ్డు పడకుండా ఉంటే చాలు,
చీరే దాని దారిన వెళ్ళి పడుకుంది.
"ఎక్కడ నేర్చావ్?"
"మాది మంగళగిరండీ."
అంతే ఇంటర్వ్యూ.

దొరకడం అరగంట పని.
నిలుపుకోవడం, పేరులోనే ఉంది, నిలబడటం:
పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా.
మూడో అంతస్తులో కుర్చీలన్నీ కొనేవాళ్ళవి.
మేం కూలబడాలంటే కింది అర సర్దుతున్నట్టు నటించాలి.
అందుకే మా కింది అరలు అంత నీటు.
ఎమ్మెస్సీ పిల్లకి బిల్లింగు ఇచ్చారు.
ఆమె జీతం సంగతి సరే,
ఆమె స్టూలు చూసి కుళ్ళుకుంటాం.

అరవై చీరలు విప్పించుకుని "మళ్ళీ వస్తాం" అన్నవాళ్ళకి
లిఫ్టు దాకా నవ్వు అరువివ్వాలి.
ఎదురుగా కొత్త మాల్ వచ్చింది, నెలకి ఐదొందలు ఎక్కువిస్తామంది.
సలోమి వెళ్ళింది.
మూడు నెలలకి తిరిగొచ్చేసరికి
ఆమె నిలబడే చోట ఇంకో పిల్ల నవ్వుతోంది.

శ్రావణమాసం, ఊపిరాడని బేరాలు.
మెళ్ళో గొలుసుకి కళ్ళజోడు వేలాడేసుకున్న ఒకావిడ
నీలం చీర పట్టుకుని అడిగింది:
"ఇది చేతిమగ్గందేనా?"

నా చేతికి తెలుసు.
మా ఇంట్లో అన్నం గడియారం చూసి వండలేదు నేను.
ఎసట్లో బియ్యం పడ్డాక మగ్గం నాలుగొందల దెబ్బలకి ఉడికేది.
మామగారు మధ్యలో బీడీకి లేస్తే ఆ పూట మెతుకు మెత్తబడేది.
ఈ నీలం చీర ఆ లెక్కలో పెరిగింది కాదు.
అంచు మరీ బుద్ధిగా ఉంది.
ఎక్కడా ఎవరూ ఊపిరి తీసుకోలేదు.

వెనక శేషగిరి గారి దగ్గు.
అవునంటే అబద్ధం.
కాదంటే గ్యాసు బండ, పిల్లాడి ట్యూషన్,
వారధి దాటించే బస్సు పాసు.

నేను రెండూ అనలేదు.
చీర తిరగేసి అంచు ఆవిడ కుడిచేతిలో పెట్టాను.
పై అరలోంచి మా ఊరిది తీసి
దాని అంచు ఎడంచేతిలో పెట్టాను.
"మీ వేళ్ళే చెప్తాయండీ" అన్నాను.

చాలాసేపు నలిపి చూసింది.
తెలిసింది.
తెలిసిన మనిషి తెలిసిన మనిషిని చూసినట్టు
నాకేసి చూసింది.
తర్వాత రెండు రేటు చీటీలూ కళ్ళజోడులోంచి చూసి
"ఇదే ఇవ్వమ్మా, పెట్టుపోతలకే కదా"
అని నీలందే కొనుక్కుంది, మూడు.

టార్గెట్ బోర్డు మీద నా పేరు పక్కన
శేషగిరి గారు మూడు గీతలు గీశారు.
నిజం చెప్పినందుకో, దాచినందుకో
ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

రాత్రి లైట్లు ఒక్కో వరసా ఆరిపోతుంటే
విప్పినవన్నీ మడిచాం.
మా ఊరి చీర ఆఖర్న మిగిలింది.
కింద వాచ్‌మన్ షట్టరు మీద కర్రతో కొడుతున్నాడు, రండి రండి అని.
అయినా వెతికాను.

బస్సు వారధి ఎక్కింది. కళ్ళు మూతలు పడుతున్నాయి.
వేలు మాత్రం ఒళ్ళో యూనిఫాం కొంగు మీద
ఇంకా దేనికోసమో తడుముతోంది.
పిచ్చి వేలు.
ఇదీ మరమగ్గం చీరే.