మూలమలుపు కెమెరా

ఇంటికి రెండొందలు చందా ఏసుకున్నం
దేవరకొండ రోడ్డు మూలమలుపుల
కెమెరా పెట్టనీకె.
ఎస్సై కొబ్బరికాయ కొట్టిండు.
"వందమంది పోలీసులకు ఇదొక్కటి సాటి"
అంటుంటె అందరం ఈదయ్య దిక్కు జూసినం.

ట్రాన్స్‌ఫార్మర్ల రాగితీగ తీసినోడు ఈదయ్య.
నాలుగేండ్ల కింద నా వరి ఎండింది
ఆయన చేతులనే.
ఇప్పటికీ ఆదివారం ఆదివారం
ఠాణాకు పోయి సంతకం పెడ్తడు,
వచ్చేటప్పుడు బిడ్డకు బత్తాయిలు తెస్తడు.
కొన్నయే.
బండాయనతోని అడిగి రాయించుకున్న చీటి
అంగి జేబుల ఉంటది.

వానకాలం మొదట్ల పిడుగు పడ్డది.
కెమెరా అట్లనే ఉన్నది,
ఠాణాల టీవీ సుత అట్లనే ఉన్నది, నీలంగ.
ఎవ్వలు సూడరు గనక ఎవ్వలకు తెల్వది.

నిన్న రాత్రి మోటరెయ్యబోతుంటె
కంబానికి నిచ్చెన,
నిచ్చెన మీద మనిషి.
కట్టె గట్టిగ పట్టుకొని టార్చి కొట్టిన.

నోట్లె టెస్టరు తీసి మెల్లగ అన్నడు:
"ఇది సచ్చి మూడు నెలలాయె పటేలా.
నాకు ఆ పొద్దే ఎరుక.
చెప్తె మల్ల మోటర్లు పోతయని
చెప్పలే."

భుజం మీది తువాలతోని
అద్దం తుడిసిండు, నిమ్మళంగ.

కట్టె కింద పెట్టి
నిచ్చెన పట్టుకున్న.