విప్పగలిగే అతుకు

సహారా దుమ్ము మోసుకొచ్చే గాలి
మిందేలో రేవులో మూడు వారాలుగా తిష్ఠ వేసింది.
ఈ గాలికి పెదవులు పగులుతాయి,
పడవల పక్కలు నెర్రెలిస్తాయి,
గిటార్లు నా కొట్టుకి వస్తాయి.

ఫెర్రీలో ఇంజను చూసే ఝెర్మానో
దుప్పట్లో చుట్టి తెచ్చాడు, జ్వరం పిల్లని తెచ్చినట్టు.
"వాయిస్తుంటే లోపల ఎవరో పళ్ళు నూరుతున్నారు."
ఎన్నాళ్ళ నుంచి?
"మా పెద్దమ్మ పోయిన దగ్గర్నుంచి. కాదు, అంతకు ముందే.
ఆవిడ పాడుతుంటే వినపడేది కాదు."

తీగలు వదులు చేశాను.
కుండ కొనేవాళ్ళలా వేలి కణుపుతో తట్టుకుంటూ పోయాను.
టక్, టక్, టక్.
ఒక్కచోట డొల్ల.
బ్రిడ్జి వెనక పొట్ట ఉబ్బింది,
స్కేలు ఆనిస్తే రెండు పక్కలా కింద నుంచి వెలుతురు.
మెడ మొదట్లో వెంట్రుకంత సందు.
పైపలక మీద, నూనె తాగని చోట, జానెడు పగులు.

పళ్ళ డాక్టరు అద్దాన్నీ సైకిలు బల్బునీ
గుండ్రటి నోట్లోంచి దించాను.
గిటారు లోపల చూడటమంటే
ఎవరూ లేనప్పుడు ఒకరింట్లోకి వెళ్ళటం.
దుమ్ము ఉండలు. ఎండిన బొద్దింక. చొక్కా గుండీ.
విసనకర్ర పుల్లల్లా విచ్చుకున్న ఏడు బద్దలు.
మూడోది ఊడి ఒక్క కొనతో వేలాడుతోంది.
పళ్ళు నూరేది ఇదే.

నాలుగోది రాయిలా ఉంది.
దాని చుట్టూ గాజులా గడ్డకట్టిన పసుపు చార:
పడవలకి పూసే రెజిన్.
పక్కనే పెన్సిలుతో రెండక్షరాలు, ఒక తేదీ.
తోక సాగదీసిన ఆ రెండో అక్షరం నాకు తెలుసు.
పదకొండేళ్ళు నేను ఊడ్చిన కొట్టు,
మెస్త్రె తియోఫిలు.

"అతుకంటే ఏమిటే?
రేపు ఇంకొకడు విప్పగలిగేది.
విప్పలేనిది అతుకు కాదు, సమాధి."
ఒకసారి రెజిన్ డబ్బా మూత తీశానని
స్కేలు అంచుతో కొట్టాడు.
చిటికెన వేలు ఇప్పటికీ సరిగ్గా ముడవదు.

తేదీ: డిసెంబరు ఇరవైనాలుగు.
నేను ఆ కొట్లో చేరడానికి ఆరేళ్ళ ముందు.
తోలు జిగురు ఆరాలంటే ఒక రాత్రి కావాలి.
ఆ రాత్రే ఎవరికో గిటారు కావాలి.
కొత్త బూట్లతో గుమ్మంలో నిలబడి
కాలు ఆడిస్తూ ఉండుంటారు.
ఆయన అటూ ఇటూ చూసి ఉంటాడు.

ఆ స్కేలు దెబ్బ ఎవరి వేళ్ళకని అడగాలనుంది.
సమాధులు ఏమీ చెప్పవు, అది ఆయన మాటే.

సార్డీన్ డబ్బా మూతకి చిల్లులు పొడిచి
తడి స్పాంజి పెట్టి గిటారు కడుపులో ఉంచాను.
నాలుగు రోజులు.
దాహం తీరాక పగులు దానంతటదే దగ్గరికొచ్చింది.
మిగిలిన గోరంత ఎడంలో
చచ్చిన పియానో చెక్క నుంచి తీసిన పీలిక దూర్చాను.
మూడో బద్దకి వేడినీళ్ళు, పల్చటి కత్తి,
పాత జిగురు తేనెలా కారి
గొర్రెల సంత వాసనేసింది.
కొత్త జిగురు రాసి, క్లాంపు బిగించి, దీపం ఆర్పి
ఇంటికెళ్ళాను. ఎవరూ గుమ్మంలో లేరు కాబట్టి.

నాలుగోదాన్ని పీకితే పైపలక చీరుకుపోతుంది.
వదిలేశాను.
మూడోదాని పక్కన నా అక్షరాలు రాశాను,
ఆయనకి చెయ్యి తగలనంత దూరంలో.

ఝెర్మానో వాయించి చూశాడు.
పళ్ళ చప్పుడు లేదు.
తల వంచి చెవి పెట్టాడు, ఇంకోసారి మీటాడు,
"బాగుంది" అన్నాడు, బాగోని మొహంతో.
"ఇప్పుడు మరీ నేనొక్కణ్ణే ఉన్నట్టుంది."
మెడ సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నాను,
డబ్బు సంగతి వచ్చే నెల చూద్దామన్నాడు.

గాలి ఇంకా వీస్తోంది.
వార్నిష్ సీసాల వెనక, ఎవరికీ చెప్పనిది,
నా కొట్లోనూ ఒక రెజిన్ డబ్బా ఉంది.
మూత మరో చుట్టు బిగించి
అక్కడే పెట్టాను.