తొడుగు విప్పేలోపు

"ఆధునికంగా ఉండాలి, అందంగా ఉండాలి,
అందరికీ నచ్చాలి"
అని రాసి టాలిన్‌కి టపాలో పంపాను.
మూడు మాటలు. మూడూ వట్టి డబ్బాలే.
మోత మాత్రం బాగా వచ్చింది.

మార్యా కోప్పడలేదు.
అదే కాగితం అడుగున పెన్సిల్‌తో
"ఎవరు చదువుతారు?
అప్పుడు వాళ్ల చేతుల్లో ఏముంటుంది?"
అని రాసి తిప్పి పంపింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
ఏం ఆకలో తెలియకుండా చెయ్యి చాచితే
అమ్మ మాత్రం ఏం వడ్డిస్తుంది?

నేను ఉర్వెని. హీయుమా దీవి రేవులో
టికెట్ల కిటికీ వెనక పంతొమ్మిదేళ్లు.
ఆ బోర్డుకి నా వీపు తెలుసు,
దాని ముఖం నాకు తెలియదు.
సోమవారం కిటికీని లీస్‌కి అప్పగించి
ఫ్లాస్కు పట్టుకుని బోర్డు కింద బెంచీ మీద కూర్చున్నాను.

తలుపు తోసుకుని ఔగుస్త్ వచ్చాడు.
మంచులోంచి వెచ్చదనంలోకి అడుగు పెట్టగానే
కళ్లద్దాలు పాలు కాగే గిన్నె మీద మూతలైపోయాయి.
బోర్డుకేసి తలెత్తాడు. కిటికీ దగ్గరికెళ్లి అడిగాడు.
రోజూ అడుగుతాడు.
పాపం, మాట్లాడే తోడు లేక అనుకునేదాన్ని.

ఒక తల్లి వచ్చింది: ఒక చంకలో బిడ్డ,
ఇంకో చంకలో మడిచిన తోపుడు బండి,
పళ్ల మధ్య టికెట్.
లారీ డ్రైవర్ లోపలికే రాలేదు,
ఇంజను ఆపకుండా అద్దంలోంచి తొంగి చూసి
ఏమీ తేలక హారన్ కొట్టాడు.

వేళలు ఎవరికీ అక్కర్లేదు. అవి దీవి మొత్తానికి నోటికొచ్చు.
వాళ్లు వెతికేది ఒక్కటే,
ఇవాళ ఓడ ఉందా, లేదా.
మన బోర్డు "లేదు" అన్న మాటని
నాలుగో వరుసలో, కుడి మూలన, చీమల్లాంటి అక్షరాల్లో
ఏదో తప్పు చేసినట్టు గొణుగుతుంది.

రాత్రి మళ్లీ రాశాను.
రంగు నా పని కాదు.
"నీలం" అని రాసి కొట్టేశాను. నిజం చెప్పాలంటే రెండుసార్లు.
డైరెక్టర్ టార్మో సంస్థ గుర్తు పెద్దదిగా ఉండాలన్నాడు.
ఎందుకని అడిగితే చాలాసేపు ఆలోచించి
"ఉంటుంది కదా మరి" అన్నాడు. అది రాయలేదు.
డబ్బెంతుందో రాశాను,
ఇప్పుడు నేను సిగ్గుపడి దాస్తే
తర్వాత ఇద్దరం కలిసి సిగ్గుపడాలి.
గాలి ఏ వైపునుంచి కొడుతుందో రాశాను,
ఉప్పు ఇనుముని ఎన్ని నెలల్లో తింటుందో,
ఏ ఏడాదైనా సముద్రం గట్టిగా గడ్డకడితే
దాని మీద కార్లకి దారి తెరుస్తారనీ,
ఆ దారిలో సీటు బెల్టు పెట్టుకోకూడదనీ,
ఆ రోజుల్లో బోర్డు ఏం చెప్పాలో నాకే తెలియదనీ.
"తెలియదు" అని రాయడానికే
అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది.

చివరన ఇలా ఉంది:
"ఓడ లేని రోజున ఆ సంగతి
మనిషి చేతి తొడుగులు విప్పకముందే తెలియాలి.
కసిరినట్టు ఉండకూడదు."
ఆ రెండో వాక్యాన్ని వాళ్ల భాషలో ఏమంటారో. ఉంచేశాను.

గురువారం జవాబొచ్చింది.
బొమ్మ ఉంటుందని కవరు ఆత్రంగా చింపాను.
మళ్లీ పెన్సిలే:
"తొడుగు విప్పడానికి ఎంతసేపు పడుతుంది?"

గడియారం పట్టుకుని రేవు మీదికి వెళ్లాను.
నావి ఏడు సెకన్లు.
ఔగుస్త్‌ని పిలిచి విప్పమన్నాను.
భార్య అల్లిన గొర్రె ఉన్ని తొడుగులు,
బొటనవేలి దగ్గర వేరే రంగు దారంతో మాటు.
ఎందుకని అడగకుండా విప్పాడు.
ఇరవై రెండు.
"మళ్లీ తొడుక్కోవడం కూడా లెక్కలోకి వస్తుందా?" అన్నాడు.

అదీ రాసుకున్నాను.