రిమార్కుల గడి

మెంటర్ రిజిస్టరుల ఆఖరి గడి
రెండు వేళ్ల వెడల్పు.
హాజరు, ఇంటర్నల్ మార్కులు ఎక్కించినంక
అందులో అందరం ఒకటే మాట రాస్తం:
"కౌన్సెలింగ్ ఇవ్వనైనది."

నాకు అయిదుగురిని అప్పజెప్పిండ్రు.
నలుగురు వస్తరు, నవ్వుతరు, సంతకం పెట్టి పోతరు.
అయిదోవాడు గాదెపాక సైదులు,
అనాటమీల నూటికి పందొమ్మిది.
వైవాల ఎముక చేతికిస్తే
కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల పట్టుకొని
నిలవడ్డడట గాని నోరిప్పలేదట.

మొదటి బుధవారం అంత నేనే మాట్లాడిన.
టైంటేబుల్ గీసిచ్చిన,
పొద్దుగాల లేవమన్న, ఫోన్ పక్కకు పెట్టమన్న.
అన్నిటికి "సరే మేడం" అన్నడు.
ఆ "సరే" అంత గట్టి తలుపు
నేను యాడ చూడలేదు.

రెండో బుధవారం వానొచ్చి కరెంటు పోయింది.
డిసెక్షన్ హాలు పక్క గది, ఫార్మలిన్ వాసన,
కిటికీల పానగల్ దిక్కు నల్లటి మబ్బు.
చదువు మాట ఎత్తబుద్ధి గాక
మీ నాయిన ఏం చేస్తడని అడిగిన.
"నీరటి, మేడం. మా తాత గూడ నీరటే."
అప్పుడు తలెత్తిండు.

ఇగ ఆపలేదు.
తూము, పెద్దకాలువ, పంటకాలువ, బోదె,
ఎవరి మడి ఎన్నడు తడవాలె, రాత్రి ఎవరి వంతు,
ఎవరు దొంగతనంగ గండి కొడతరు,
కొట్టినోడు పొద్దున్నే ఎట్ల నమస్తే పెడతడు.
"ఆఖరి మడి ఎండిందంటే
నాయిన మడి కాడ నిలవడడు మేడం,
కాలువ ఎంట వెనక్కు నడుస్తడు.
యాడ అడ్డం పడ్డదో ఎండిన జాగనే చెప్తది."

నా చేతిల సుద్దముక్క ఉన్నది.
సగం చీకట్ల, బోర్డు మీద
మెడ కాన్నుంచి గీతలు తీసిన.
ఇవి అయిదు తూములనుకో సైదులూ.
అయిదు కలిసి మూడు కాలువలు,
మూడు చీలి ఆరు పాయలు,
ఆరు మళ్ల కలిసి మూడు,
ఆడికెళ్లి చేతి మళ్లకు అయిదు బోదెలు.
ఇంగ్లీషు పేర్లు తర్వాత, అవి యాడికి పోవు.
ఒకడొచ్చిండు, మణికట్టు వాలిపోయింది,
ఎత్తమంటే ఎత్తలేడు.
నడువు వెనక్కు.

లేచి బోర్డు కాడికి వచ్చిండు.
చేతి కాన్నుంచి మెడ దిక్కు వేలు పెట్టి నడిచిండు,
మెల్లగ, బురదల కాలు తీసి పెట్టినట్టు.
నడుమల ఆగిండు.
"మేడం, ఆరు పాయలన్నరు, అయిదే ఉన్నయి.
కింది కాలువ కెళ్లి వెనకకు పోయేది
మీరు గియ్యలే."

పదకొండేండ్ల నుంచి గీస్తున్న బొమ్మ.
నిజమే, గియ్యలే.
సుద్దముక్క వాడికే ఇచ్చిన.

సప్లిమెంటరీల యాభై రెండు వచ్చినయి.
గొప్పేం గాదు. ఫిజియాలజీ ఇంకా సతాయిస్తనే ఉన్నది.
గాని రాత్రిపూట హాస్టల్ వరండాల
బండల మీద చెంబెడు నీళ్లు ఒలకబోసి
వేలితోటి పాయలు తీస్తుండట,
జూనియర్లు చుట్టూ గొంతుక్కూచొని చూస్తుండ్రట.
వార్డెన్ జారి పడ్డడని కంప్లైంటు
నా టేబుల్ మీదికే వచ్చింది.

వాడి గడిల అందరి లెక్కనే
"కౌన్సెలింగ్ ఇవ్వనైనది" అని రాసిన.
ఎవరికెవరు ఇచ్చిండ్రో
రాసే జాగ లేదు.

ఈ ఏడు కొత్త అయిదుగురు.
అరవై ఒకటో నంబరు లహరిక, మిర్యాలగూడ పిల్ల,
మూడు వారాల నుంచి క్లాసుకు రాలేదు. ఫోన్ ఎత్తది.
రిజిస్టర్ తెరిచి, పెన్ను మూత తీసి,
మళ్ల పెట్టిన.

బయట సన్నగ తుప్పర.
గొడుగేసుకొని లేడీస్ హాస్టల్ దిక్కు బయలెల్లిన.
ముందు రూమ్మేటును అడగాలె,
తర్వాత మెస్సుల అన్నం పెట్టే ఎంకమ్మను.