వాటాల పటం

నానక్‌రామ్‌గూడలో పదకొండో అంతస్తు.
ఇక్కడ రాత్రి రెండు, టోక్యోలో అయిదున్నర.
అక్కడ వాన కబురు చెప్పే అమ్మాయి గొడుగు విప్పే వేళకి
ఇక్కడ మెషిన్‌లో కాఫీ పొడి అయిపోతుంది.

నా పని గీతలు గీయడం.
కవాసె టెలివిజన్ అనే ఛానల్ ఎవరి సొత్తో
ఒక్క కాగితం మీద, సోమవారానికల్లా, క్లయింటుకి చూపాలి.

మొదట ఒక పేపరు ఉండేదట.
యుద్ధం అయ్యాక, ఇళ్ళకింకా కప్పులు పడని రోజుల్లో
పేపరుకి రేడియో పుట్టింది.
రేడియోకి టీవీ పుట్టింది.
టీవీ ఏపుగా ఎదిగి
కన్న రేడియోనే ఒకనాడు దత్తత తీసుకుంది.
మేనేజరు దానికేదో పొడవాటి పేరు చెప్పాడు.
మా ఇంటి మాటల్లో పెట్టుకుంటే తప్ప నాకెక్కదు:
పత్రిక పెద్దత్త,
రైలు కంపెనీ వియ్యంకుడు,
ప్రకటనల ఏజెన్సీ పిలవని పెళ్ళికొచ్చి
వంటశాల తాళాలు బొడ్లో దోపుకున్నవాడు.
బ్యాంకుకి మూడు పాయింట్ ఒకటి. బీమా వాళ్ళకి రెండు.
ఒక బాణం మాత్రం బయల్దేరిన డబ్బాకే తిరిగొస్తుంది.
సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, ఎర్రగా మెరుస్తుంది.
వాళ్ళు అరవై ఏళ్ళుగా ఒప్పుకుని బతుకుతున్నారు.

కృష్ణానగర్‌లో నా గదికి ఎదురుగది సువార్తమ్మది.
యాభై రెండేళ్ళు. మోకాళ్ళకి నొప్పుల తైలం.
పదకొండేళ్ళుగా తొమ్మిదేళ్ళ పిల్లాడు.
కవాసె వాళ్ళ బొమ్మల కథలో సోటా అని ఒకడున్నాడు,
తెలుగులో వాడి గొంతు ఈమె.
మొదటి రోజే వాణ్ణి సొట్టబుగ్గోడు అంది,
ఇప్పుడు సూరారం పిల్లలకి కూడా వాడదే పేరు.
నవ్వుకో రేటు, ఏడుపుకో రేటు ఉండవు.
ఎపిసోడ్‌కింత, టీడీఎస్ కోసి.

ఆదివారం చిక్కుడుకాయలు గిల్లుతూ అడిగింది:
"ఆళ్ళమ్మ కొడితే ముందు ముక్కు ఎగబీలుస్తడు, ఆనక ఏడుస్తడు.
అది కాగితంల లేకుండె, నేనే పెట్టిన.
ఎవరి పిల్లగాడమ్మా వాడు?
నీది గదే లెక్కల ఆఫీసు గద."

గీసినాయన పోయాడు, అన్నాను.
హక్కుల్లో సగం పుస్తకాల కంపెనీవి,
కొంత ఛానల్‌ది, కొంత ఆటబొమ్మలు అమ్మేవాళ్ళది,
ఆ అమ్మేవాళ్ళలో ఛానల్‌కి వాటా,
ఛానల్‌లో మళ్ళీ...
ఆమె వేళ్ళు మడుస్తూ వింది.
ఒక చెయ్యి అయిపోయింది, రెండో చేతిలో కాయలున్నాయి.
"ఇందర్ల ఒక్కడన్న వాణ్ణి కూసొని సూసిండా?"

నా పటంలో ఆ గడి లేదు.

సోమవారం రాత్రి, వార్షిక నివేదిక, ఎనభై ఎనిమిదో పేజీ.
అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో
రాబడి లేని విదేశీ భాషల గురించి ఒక వాక్యం.
చివర 'సెయిరి' అన్న మాట.
సర్దడం అనీ దానికి అర్థం, తీసేయడం అనీ.
తార్నాకలో మా టీచరు దీనికిచ్చిన ఉదాహరణ
పుస్తకాల అలమర.
భాషల పేర్లు రాయలేదు వాళ్ళు.
లెక్క మాత్రం రాశారు: నాలుగు.
నాకు తెలిసినవి మూడు.
ఆ మూడింట్లో మనది ఉందో లేదో
వెనక్కీ ముందుకీ నాలుగుసార్లు తిప్పాను.
క్లయింటుకి పంపే కాగితంలో
'సర్దుబాటు' అని రాసి, కొట్టేసి, మళ్ళీ అదే రాశాను.

క్యాబ్ దిగేసరికి తెల్లవారింది.
ఇస్త్రీ బండి రమణయ్య బొగ్గులు ఊదుతున్నాడు.
పైన ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్న చప్పుడు.
పదింటికి రికార్డింగ్ ఉన్నట్టుంది.
నా చెప్పుల శబ్దానికి తలుపు ఓరగా తెరుచుకుంది.
నెరిసిన జడ, భుజాన తువ్వాలు,
లోపల్నుంచి వాడు:
"అక్కా, పాల ప్యాకెట్ తెచ్చావా?"

సంచీలో వెతికాను.
ల్యాప్‌టాప్, దాని వైరు, ఐడీ కార్డు.
పాలు మరిచిపోయాను.
వాడు ముక్కు ఎగబీల్చాడు.