పిట్ట అందింది, కాణీ రావాలి

లీట్రిమ్‌లో మా అట్రాక్టా పిన్నిది చిల్లర కొట్టు.
నిజంగానే అక్కడ చిల్లరే పెద్ద సరుకు.
సొరుగు లాగితే దొడ్డి తలుపు తీసినట్టుండేది.
పెన్నీ మీద పిల్లలకోడి,
అర పెన్నీ మీద ఈనిన పంది,
మూడు పెన్నీల బిళ్ళ మీద చెవులు నిక్కించిన కుందేలు,
ఆరింటి మీద వేటకుక్క,
షిల్లింగు మీద కుమ్మబోతున్న ఎద్దు.
అన్నిటికీ చివర, అగ్గిపెట్టంత అరలో
ఫార్దింగ్. పెన్నీలో పావు, కాణీ అనుకోండి.
దాని మీద రెక్క విప్పిన అడవి ఉల్లంకి,
బిళ్ళ అంచు దాకా సాగిన ముక్కు.

అంతకుముందు ప్రతి బిళ్ళ మీదా లండన్ రాజు తలేనట.
దేశం వేరుపడ్డాక, ఇరవై ఎనిమిదిలో,
తల తీసేసి హార్ప్ పెట్టారు,
వెనకవైపుకి దొడ్డినంతా తోలారు.
డబ్బు మీద పందులేమిటి, లోకం నవ్విపోతుందని
పెద్దమనుషులు ముక్కు చీదారు.
మా తాత మాత్రం బిళ్ళని వెలుతురుకి పట్టి
చాలాసేపు చూసి
"పొదుగు సరిగ్గా కుదరలేదు" అన్నాడు.

యాభైతొమ్మిది చలికాలం.
సైకిళ్ళు బాగుచేసే మలకై గిల్‌హూలీ
సూదుల పొట్లం కొని జేబులన్నీ తడుముకున్నాడు.
కాణీ తక్కువ.
పిన్ని పద్దు రాసింది. కాణీ అయినా పద్దు పద్దే.
అతను మరిచిపోయాడో, మరిచిపోయినట్టు నటించాడో,
అరవై ఒకటి ఆగస్టులో
ప్రభుత్వం కాణీని రద్దు చేసింది.

డిసెంబరులో వచ్చాడు, కోటు లోపల చెయ్యి పెట్టుకుని.
"ఊరంతా వెతికాను అట్రాక్టా, కాణీ లేదు,
బ్యాంకు ఊడ్చుకుపోయింది.
దాని మీద ఉన్నదాన్ని తెచ్చాను."
బల్ల మీద పెట్టాడు ఉల్లంకిని.
ఇంకా వెచ్చగా ఉంది. ముక్కు తక్కెడ పళ్ళాన్ని తాకింది.
పిన్ని పిట్టని చూసింది, అతన్ని చూసింది.
"దీనికి నీకు చిల్లర ఎక్కణ్ణించి తేను?"
ఆ రాత్రి వండి అతనికీ పెట్టింది.
పద్దు మాత్రం కొట్టెయ్యలేదు. కింద రాసింది:
పిట్ట అందింది. కాణీ రావాలి.

అరవై తొమ్మిదిలో పంది పోయింది, పిల్లలతో సహా.
డెబ్భై ఒకటి ఫిబ్రవరిలో, ఒక సోమవారం,
రెండువందల నలభై పెన్నీల పౌను
తెల్లారేసరికి వందయింది.
"మిగతా నూట నలభై ఎవడు తిన్నాడు?" అని
డింఫ్నా కావెనీ కొట్లో నిలబడి గంటసేపు అడిగింది.
ఎవరి దగ్గరా జవాబు లేదు.
ఇప్పటికీ నా దగ్గర లేదు.

ఆ ముందటేడే దిగింది
ఏడు మూలల యాభై పెన్నీల బిళ్ళ.
తిప్పి చూస్తే అదే ఉల్లంకి,
అదే రెక్క, అదే ముక్కు.
కాగితం మీద లెక్కేశాను: నాలుగువందల ఎనభై కాణీలు.
సొరుగు చివరనుంచి ఒక్క ఎగురులో
వరస మొదటికొచ్చి వాలింది.
పిన్ని వేలితో దాని వీపు రుద్ది
"బాగుపడ్డావే" అంది.
మలకై పోయి అప్పటికి రెండేళ్ళు.

ఆ బిళ్ళలూ పోయాయి. సెంట్లొచ్చాయి.
ఒకటీ రెండూ సెంట్లు ఇప్పుడెవరూ అడగరు,
కొట్లో దగ్గరి ఐదుకి సర్దేస్తారు.
నా వంటింటి బల్ల ఊగకుండా
కాలి కింద ఒక అర పెన్నీ ఉంది,
పొదుగు కుదరని పంది
పదమూడేళ్ళుగా బల్ల మోస్తోంది.

పోయిన వారం స్లైగో సంతలో
ఒక కాణీ దొరికింది, మూడు యూరోలు.
బేరమాడలేదు.
ఇంటికొచ్చి పిన్ని ఖాతా పుస్తకం తెరిచాను,
పద్దు మీద గీత పెట్టబోయి
ఆగిపోయాను.
కాణీ నాది. బాకీ అతనిది.
పుస్తకం మూసేశాను.
బిళ్ళ ఇంకా బల్ల మీదే ఉంది, పిట్ట పైకి.