చోటు తెలియదు

ఇయ్యాల ఎవరూ గడ్డపార ముట్టరు.
ముందే చెప్తున్న.
ఈ పాటిగడ్డ మీద మెల్లగా నడవండి,
తల వంచుకొని,
పోయిన చెవికమ్మ దేవులాడినట్టు.

ఊరోళ్ళు ఈ దిబ్బ మన్నును
మొదలు ఎడ్లబండ్ల మీద, తర్వాత ట్రాక్టర్ల మీద
పసుపు చేన్లకు తోలుకున్నరు.
బలమున్న మన్ను అని.
బలం ఎక్కడిదో ఎవరూ అడగలేదు.
ఎన్ని తరాల పొయ్యిల బూడిదో,
ఎన్ని కొట్టాల పేడో, ఎముకలో, పారబోసిన కుడితో.
వాళ్ళ ఎంగిలి తిని మన పసుపు పండింది.

పొరలంటే ఏంది సార్, అంటది నవనీత.
మీ ఇంటి గోడను గోటితో గీకి చూడు బిడ్డా.
పైన మీ అక్క పెళ్ళికి వేసిన గులాబీ రంగు,
దాని కింద నీలం, దాని కింద ఉత్త సున్నం,
సున్నం కింద ఎర్రమన్నుతో అలికిన మీ నాయనమ్మ చెయ్యి.
పైది కొత్త, కిందిది పాత.
శాస్త్రం అక్కడ మొదలయితది.
కానీ ఎలుకకు శాస్త్రం తెల్వదు.
బొక్క చేసుకొని పై పొర గింజను కింద దాచుకుంటది.
మూడో పొరల గుట్కా పొట్లం దొరికితే
శాతవాహనులు గుట్కా తిన్నరని పరీక్షల రాయకండి.

మేకులు కొట్టండి. పురికోస గుంజండి.
అటు అయిదు మీటర్లు, ఇటు అయిదు.
చదరానికీ చదరానికీ నడుమ మీటరు గట్టు వదలండి.
దాన్ని కూడ తవ్వాలని చేతులు దురద పెడతయి,
ఆగండి.
మనం తీసి పారేసిన పొరలన్నీ
దాని చెంపల మీదనే మిగులుతయి.

నేను మీ లెక్క ఉన్నప్పుడు
మా గుంతలకు కొంరమ్మ కూలికి వచ్చేది.
అక్షరం రాదు. మన్ను వచ్చు.
ఒకనాడు తాపీ మొనతో తట్టి
"గీడ మెత్తగున్నది సారూ, ఇది ఎవలో తవ్విన మన్ను" అన్నది.
చూస్తే నల్లగా, గుండ్రంగా, చిన్న తలెంత మచ్చ.
మేము రాళ్ళకు, కుండలకు కండ్లు పెట్టుకొని ఉన్నం,
ఆమె ఖాళీని చూపించింది.
గుంజ పాతిన చోటు.
గుంజను ఎప్పుడో చెదలు తిన్నది,
గుంత మాత్రం గుండ్రంగా నిలబడ్డది,
మనిషి లేచిపోయినా
నులకమంచంల మిగిలిన వంపు తీరు.
అటువంటివి తొమ్మిది దొరికినయి.
తొమ్మిది ఖాళీలు కలిపితే ఒక గుడిసె.

అదే గుంతల, నాలుగో పొరలనో అయిదో పొరలనో
(చూసిండ్రా, ఇప్పటికీ చెప్పలేను)
గురిగింజంత ఎరుపు తళుక్కుమన్నది.
పందొమ్మిదేండ్లు నాకు.
వేళ్ళతో గుంజిన.
ఉమ్మి తడి చేసి అంగీకి తుడిచిన.
ఎండకు పట్టి చూస్తే నడుమ బెజ్జం,
దారం రాపిడికి ఒకదిక్కు అరిగి ఉన్నది.
దిబ్బ అదిరేటట్టు కేకేసిన.

వహీద్ సార్ తిట్టలేదు.
మెల్లగా గుంతలకు దిగి, "ఎక్కడుండె?" అన్నడు.
ఇక్కడ, అన్న.
కాదు, ఇక్కడ.
నా కాళ్ళు తొక్కిన మన్నంతా ఒక్కటే రంగు.
"ఎవరి మెడల ఉండెనో, పొయ్యికాడ తెగి పడెనో,
పీనుగతో పాటు పెట్టిరో,
అది చెప్పేది పూస కాదు రాజలింగం.
పూస చుట్టున్న మన్ను."
కొంరమ్మ జల్లెడ దులుపుకుంట
"వండినంక వడ్లు గావు బిడ్డా" అన్నది.
గంతే. అందరం చాయ్ తాగినం.
నా చాయ్ చల్లారిపోయింది.

సాయంత్రం రిజిస్టర్ల నాతోనే రాయించిండు.
పూస. ఎర్రది. ఒకటి.
చోటు తెలియదు.

మన కాలేజీ బీరువాల ఉన్నది,
అగ్గిపెట్టెల, దూది మీద.
మస్తు అందంగా ఉంటది. ఏమీ మాట్లాడదు.
రేపు చూపిస్త.

ఇప్పుడు నడవండి.
పెంకు కనిపిస్తే వంగండి, చూడండి, ముట్టకండి,
పక్కన జెండా గుచ్చండి.
నవనీతా, నీ ఎడమకాలి పక్కన.
ఆగు. వంగకు.
ముందు టేపు పట్టు.